రెండో గేటుకు ఎవరూ చెప్పలేదు

ఆ మామిడికాయల కాలంలో నన్ను అనుమానించని మనిషి లేడు. ఫ్యాక్టరీ మేనేజరు అనుమానించాడు, రైతులు అనుమానించారు, చివరికి మా నాయన కూడా అనుమానించాడు. నేనేం తక్కువ కాదు, నేనూ కనబడిన ప్రతివాణ్ణీ అనుమానించాను. అయినా ఆ రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు కాలు నిలవదు. ఈ సంగతి విని విని మా ఇంట్లోవాళ్లు నేను నోరు తెరవగానే లేచిపోతున్నారు. అందుకే రాస్తున్నాను.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. తిరుపతిలో హాస్టల్లో ఉండి ఎంసీఏ పూర్తి చేశాను. అటు అమ్మ వైపు గానీ ఇటు నాయన వైపు గానీ కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. ఆ సంగతి నాయన బస్సులో పక్క సీటు వాళ్లకు చెప్పేవాడు, టికెట్ కొట్టే కండక్టరుకూ చెప్పేవాడు. పూతలపట్టు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటర్ రూముకు మనిషి కావాలని తెలిసి అప్లికేషన్ పెట్టాను. పిలిచారు, చేరిపోయాను. మా ఊరి తోతాపురి కాయలు పోయేది కూడా ఆ ఫ్యాక్టరీకే. కాయ తెచ్చేది మా నాయన, కాయ దించుకునే చోట కంప్యూటరు చూసేది నేను. మా అమ్మకు అంతకన్నా ఏం కావాలి? నాకూ అలాగే అనిపించింది. ఆ రెండూ ఒకే చోట ఉండడమే నా మెడకు చుట్టుకుంటుందని అప్పుడు తోచలేదు.

కాయలు కోతకొచ్చే రోజుల్లో ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్లు రోడ్డు పొడవునా నిలబడేవి. వెనకటి ఏళ్లలో ఎవరు ముందు, ఎవరు వెనక అని కొట్టుకునేదాకా పోయేదట. అందుకని యాజమాన్యం చెన్నైలోని ఒక కంపెనీ చేత సాఫ్ట్‌వేర్ చేయించింది. బండి రాగానే టోకెన్ ఇస్తారు, ఆ వరసలోనే లోపలికి పిలుస్తారు. లోపలికి రెండు గేట్లు. ఒకటి రోడ్డు వైపు, రెండోది వెనక మట్టి బాట వైపు. గేటుకొక సర్వరు. ఒకటి పాడైనా రెండోది నడవాలని అలా పెట్టారు. రెండింటికీ నడుమ ఒకే డేటాబేసు, అసలు వరస ఉండేది అందులో. గేటు క్లర్కు స్క్రీను చూసి మైకులో బండి నంబరు చదివితే ఆ బండి కాటా మీదికి పోతుంది.

ఇక్కడ మా వాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. కోసిన తోతాపురి ఎండలో ట్రాక్టరులో పడి ఉంటే అడుగు కాయ మెత్తబడుతుంది. నీరు కారిందంటే ఫ్యాక్టరీ వాళ్లు బండిని తిప్పి పంపుతారు. కాబట్టి గట్టి కాయ తెచ్చినవాడు మెత్త కాయ తెచ్చినవాడికి తన వంతు ఇచ్చి, వాడి వంతు తాను తీసుకుంటాడు. ఇచ్చినవాడు వెనక్కి పోయి ఓపిగ్గా కూర్చోవాలి. మరోసారి తన కాయ మెత్తబడితే ఇంకెవరో ఇస్తారు. ఇలా వంతు ఇచ్చిన మనిషిని ఊరు గుర్తు పెట్టుకుంటుంది. ఇచ్చి వెనక్కి లాక్కున్న మనిషిని ఇంకా బాగా గుర్తు పెట్టుకుంటుంది.

చెన్నై వాళ్లకు ఈ పద్ధతి తెలియదు. వాళ్ల సాఫ్ట్‌వేర్లో వంతు మార్చే స్క్రీనే లేదు. మా సూపర్వైజరు అక్కడి ఇంజనీరును ఫోన్లో బతిమాలి, నేరుగా డేటాబేసులోకి పోయి రెండు బండి నంబర్లను అటూ ఇటూ మార్చే విద్య నేర్చుకున్నాడు. ఆ పని చేసేటప్పుడు మానిటరును గోడ వైపుకు తిప్పుకునేవాడు. నేను లేచి నిలబడినా సరే, చేత్తో స్క్రీను కప్పేసేవాడు.

ఒకరోజు మా పక్క తోట మామ బండి నాయన బండికి బాగా వెనకపడింది. మామ అంటే వరసకే, రక్త సంబంధం లేదు. కూలీలు దొరికారని తొందరపడి ముందే కోయించాడు, కాయ అప్పటికే మెత్తబడుతోంది. నాయన తన వంతు ఇస్తానన్నాడు. ఇద్దరూ వచ్చి సూపర్వైజరుతో చెప్పారు, అతను మార్చాడు. కాసేపటికి మామ బండిని మొదటి గేటులో పిలిచారు. దింపడానికి సాయం చేద్దామని నాయన కూడా ఆ బండి వెంటే లోపలికి పోయాడు. మా బాడుగ ట్రాక్టరు డ్రైవరు బయట చెట్టు నీడలో పడుకుని ఉన్నాడు.

అప్పుడు రెండో గేటు మైకు మా బండి నంబరు పిలిచింది. డ్రైవరు లేచాడు, బండి తీశాడు, లోపలికి తోలేశాడు.

నాయన కాయ దింపించి బయటికి వచ్చేసరికి జనం మూగి ఉన్నారు. వాళ్లలో ముందు నిలబడినవాడు వడమాలపేట నుంచి వచ్చిన ఒక పెద్ద రైతు. ఆయన పేరు మాకెవరికీ తెలియదు, వడమాలపేటాయన అనే పిలిచేవాళ్లం. మామ బండికీ మా బండికీ మధ్య ఆయన బండి ఉంది. మావి రెండూ లోపలికి పోతే ఆయన ఒక వంతు వెనక్కి జరిగినట్టే.

"ఏమప్పా, వంతు ఇచ్చినోడివి మళ్లా యాడికి పోతాండావు?" అన్నాడు. "ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో తీసుకుంటివే!"

"నేను పోలేదన్నా. మైకులో పిలిస్తే డ్రైవరు పోయినాడు."

"పిలిస్తే పోయినాడంట! పిలిచిందెవురు? ఆ ఫ్యాను కింద కూచోనుండేది ఎవురి కూతురో మాకు తెలీదనుకుంటివా?"

వెనక ఎవరో, "పాపను సదివించింది ఊరికేనా అబ్బా, ఇప్పుడు కాయ కాస్తాండాది," అన్నారు. అందరూ నవ్వారు. నేను కిటికీ లోంచి వింటున్నాను. నాయన నా వైపు చూడలేదు. మామ వైపు చూశాడు. మామ తల గోక్కుంటూ, "బావా, నాకొక మాట ముందే చెప్పింటే బాగుండు గదా. నేను ఇంగొకర్ని అడుక్కుంటా ఉంటి," అన్నాడు.

వంతు పుచ్చుకున్న మనిషే ఆ మాట అన్నాడు. నాయన ముఖం అప్పుడు ఎలా మారిందో నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ సాయంత్రం ఇంటికి పోయాక నాయన పంచలో నన్ను కూర్చోబెట్టుకున్నాడు.

"నిజం చెప్పు పాపా. నాయన కాయ చెడిపోతుందని నువ్వేమన్నా నొక్కినావా?"

"లే నాయనా."

"నొక్కింటే చెప్పు, నేనేమీ అనను. కానీ రేపు పోయి ఊర్లో ఒప్పుకోవల్ల గదా."

"నేనేం చేయలేదు నాయనా. నాకా పని చేసేదే రాదు."

"ఇన్నేళ్లు సదివి రాదంటే ఎవురు నమ్ముతారు?" అన్నాడు. మళ్లీ తనే, "మిషను దానంతట అది నా బండి నంబరు ఎట్ల పిలుస్తుంది? అదేమన్నా నా సుట్టమా?" అన్నాడు.

నాయన నమ్మినాననీ అనలేదు, నమ్మలేదనీ అనలేదు. అమ్మ మాత్రం, "నా బిడ్డ అట్లాంటిది కాదు," అని గట్టిగా అని, తర్వాత వంటింట్లో నా చెవి దగ్గర, "చేసింటే మాత్రం ఏమిలే మే, మన కాయే గదా," అంది. ఎంసీఏ పట్టా ఉన్నందుకు నాకు మొదటిసారి సిగ్గేసింది.

మర్నాడు మేనేజరు పిలిచి, ఇదేంటో తేలేదాకా నా మీద కన్నేసి ఉంచమని సూపర్వైజరుకు నా ఎదుటే చెప్పాడు. మంచిదైంది. నేను అప్పటికే సూపర్వైజరు మీద కన్నేసి ఉన్నాను. స్క్రీను గోడ వైపు తిప్పుకునే మనిషి మంచివాడెలా అవుతాడు? అతను నన్ను చూస్తూ, నేను అతన్ని చూస్తూ, ఒకే గదిలో ఇద్దరం పని చేశాం. నేను టీకి పోతే అతను నా కీబోర్డు చూసేవాడు. అతను బయటికి పోతే ఎవరితో మాట్లాడుతున్నాడో చూడడానికి నేను కిటికీ దగ్గరికి పోయేదాన్ని.

"సార్, వంతు మార్చేది నాకూ చూపించండి," అని అడిగాను.

"నేర్చుకోని నా సీట్లో కూచుంటావా అమ్మణ్ణీ? అప్పుడు నేనేమి సేసేది, నీ మాదిరి మళ్లా కాలేజీకి పోవల్లనా?" అన్నాడు.

పట్టు వదలకుండా, ఇదివరకు వంతులు మార్చుకున్న రైతుల్ని ఒక్కొక్కరినే అడిగాను. కొందరికి అంతా సవ్యంగా జరిగింది. కొందరికి మా నాయనకు జరిగినట్టే జరిగింది, కానీ వాళ్ల కూతుళ్లెవరూ కంప్యూటర్ రూములో లేరు కాబట్టి దాన్ని అదృష్టం అనుకుని ఊరుకున్నారు. ఇది విన్నాక నా అనుమానానికి కొంచెం గాలి పోయింది. సూపర్వైజరు దొంగయితే ఇంత మంది ముక్కూ మొహం తెలియని వాళ్లకు ఎందుకు మేలు చేస్తాడు? పైగా ఒకసారి జరగడం, ఒకసారి జరగకపోవడం ఏమిటి? మనుషులు తప్పు చేస్తే దానికొక లాభం ఉంటుంది. ఇందులో ఎవరి లాభమూ కనబడలేదు.

ఆ తర్వాత ఇద్దరు రైతులు వంతు మార్చమని వచ్చి నంబర్లు చెబితే, అతను స్క్రీను గోడకు తిప్పుకోగానే నేను లేచి బయటికి నడిచాను. అతను ఎంటర్ కొట్టిన చప్పుడు వినగానే మొదటి గేటుకు పరిగెత్తాను. రాబోయే బండ్ల జాబితా చూశాను. మారిన వరసే ఉంది. అక్కణ్ణుంచి ట్రాక్టర్ల మధ్య దూరుకుంటూ, కాయల బుట్టలు దాటుకుంటూ, చెప్పు తెగితే చేత పట్టుకుని రెండో గేటుకు పోయాను. ఆ స్క్రీను మీద పాత వరసే ఉంది!

నేను పెద్దగా నవ్వేశాను. గేటు క్లర్కు బెదిరిపోయి, "ఏమ్మే, ఎండ దెబ్బా?" అన్నాడు.

విషయం ఇది. ప్రతిసారీ డేటాబేసును అడిగితే ఆలస్యమని, ఒక్కో సర్వరు రాబోయే బండ్ల జాబితాను ఒక్కసారి చదివి తన దగ్గర ఒక కాపీ దాచుకుంటుంది. ఆ కాపీనే క్యాష్ అంటారు. అందులో ఉన్న బండ్లు అయిపోయేదాకా మళ్లీ అడగదు. ఒక గేటులోకి బండి పోతే ఆ సర్వరే రెండో సర్వరుకు చెబుతుంది, అంతవరకు చెన్నై వాళ్లు బాగానే రాశారు. కానీ సూపర్వైజరు సర్వర్లను దాటుకుని నేరుగా అసలు జాబితాలో చేయి పెడుతున్నాడు. మార్పు జరిగిందని సర్వర్లకు చెప్పేవాళ్లే లేరు. కాపీ అయిపోయి కొత్తగా చదువుకున్న గేటుకు మార్పు తెలుస్తుంది. ముందే చదివి పెట్టుకున్న గేటుకు తెలియదు. పెళ్లి ముహూర్తం మారిందనుకోండి. కార్డు అందనివాడు ఫోన్ చేసి సరైన వేళ కనుక్కుంటాడు. కార్డు ఇంట్లో ఉన్నవాడు ఎవరినీ అడగడు, దర్జాగా పాత వేళకే వచ్చి కూర్చుంటాడు. మా రెండో గేటు అలాంటి చుట్టం.

ఇంటికి పోయి తెగిన చెప్పు చేతిలో ఉండగానే నాయనకు చెప్పాను. "నాయనా, రెండో గేటుకు ఎవరూ చెప్పలేదు! నువ్వూ చేయలే, నేనూ చేయలే, సూపర్వైజరూ చేయలే!"

నాయన అంతా విన్నాడు. పెళ్లి కార్డు సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు. "బాగుండాది," అన్నాడు. "బాగా సదువుకున్నోళ్లు శానా బాగా చెప్తారు. తప్పు చేసి కూడా ఇంతే బాగా చెప్తారు."

నా సంతోషం మీద చెంబుడు నీళ్లు పోసినట్టయింది. "అయితే నువ్వే వచ్చి చూడు," అన్నాను.

మేనేజరుకు చెప్పి, చెన్నైకి ఫోన్ చేశాను. అక్కడి ఇంజనీరు ముందు మా సాఫ్ట్‌వేర్లో తప్పే లేదన్నాడు. తర్వాత నేను నిజంగా ఎంసీఏనా అని అడిగాడు. ఆ తర్వాత మెత్తబడి, ఒక సర్వరు నుంచి ఇంకో సర్వరుకు కాపీ పారేయమని కబురు పంపే దారి చెప్పాడు. వంతు మార్చే స్క్రీను నేనే రాశాను. నా చేతులతో రాసిన మొదటి స్క్రీను అది! రెండు నంబర్లు కొట్టి బటన్ నొక్కితే రెండు సర్వర్లకూ కాపీలు పారేయమని కబురు పోతుంది, ఆ వెంటనే అసలు జాబితా మారుతుంది.

పొద్దున్నే కాటా మొదలు కాకముందు పరీక్షకు పెట్టాం. నాయనను రెండో గేటు స్క్రీను దగ్గర నిలబెట్టాను. కొత్త నంబరు కనబడితే తువ్వాలు ఎత్తాలి, పాతది కనబడితే దించేయాలి. వడమాలపేటాయన కూడా వచ్చాడు. ఎవరూ పిలవలేదు. ఎక్కడ మోసం జరుగుతుందో చూడాలని వచ్చాడు. ఏ రెండు బండ్లు మార్చాలో ఆయన్నే చెప్పమన్నాను. కావాలని వరసలో ఎక్కడో ఉన్న రెండు నంబర్లు చెప్పాడు.

మొదటిసారి తువ్వాలు లేచింది. రెండోసారి లేచింది. నేను ఎగిరి గంతేయబోయాను. మూడోసారి లేవలేదు.

"పాతదే ఉండాది!" అని నాయన అక్కణ్ణుంచి అరిచాడు.

"సూసినారా? సూసినారా?" అని వడమాలపేటాయన చుట్టూ తిరిగాడు. "పాపకు ఇష్టమైతే మారుతుంది, ఇష్టం లేకపోతే మారదు. ఇంతే గదా మేము చెప్పింది!"

నాయన తువ్వాలు భుజాన వేసుకుని నెమ్మదిగా నడిచి వచ్చాడు.

నేను గదిలోకి పోయి తలుపు మూసుకున్నాను. ఇక అనుమానించడానికి మనుషులెవరూ మిగల్లేదు, నేను రాసిన ప్రోగ్రాం వరసలే మిగిలాయి. ఒక్కో వరసనూ దొంగను చూసినట్టు చూశాను. ముందు కాపీలు పారేయమన్నాను, తర్వాత జాబితా మార్చాను. ఆ రెంటికీ నడుమ కంటిరెప్ప పాటు సందు ఉంది. సరిగ్గా ఆ సందులో గేటు క్లర్కు జాబితా చూసే బటన్ నొక్కాడు. సర్వరు తన కాపీ పారేసింది కాబట్టి మళ్లీ అసలు జాబితాను అడిగింది, అదింకా మారలేదు, కాబట్టి పాతదాన్నే కొత్తగా చదివి దాచుకుంది. కొత్త కార్డు అచ్చు కాకముందే పాత కార్డులు చింపించానన్నమాట. ప్రెస్సుకు పోయినవాడికి మళ్లీ పాత కార్డే ఇచ్చారు.

ఆ రెండు పనుల వరస తిప్పాను. ముందు అసలు జాబితా మార్చాలి, అది పూర్తయ్యాకే కాపీలు పారేయించాలి. అప్పటికి నాకు అనుమానం రోగంలా పట్టుకుంది. కాబట్టి ఇంకొకటి కూడా చేర్చాను. ఏ గేటైనా మైకులో నంబరు పిలిచే ముందు, ఆ ఒక్క బండి గురించి అసలు జాబితాను ఒకసారి అడిగి తీరాలి. కాపీ ఏం చెప్పినా సరే. జాబితా చూసుకోవడానికి కాపీ చాలు, మనిషిని లోపలికి పిలవడానికి చాలదు.

మళ్లీ పరీక్ష పెట్టాం. ఈసారి క్లర్కును ఆపకుండా బటన్ నొక్కుతూనే ఉండమన్నాను. వడమాలపేటాయన చెప్పిన నంబర్లే, ఆయన చెప్పినన్ని సార్లు. ప్రతిసారీ తువ్వాలు లేచింది. చివరికి ఆయనే విసుగెత్తి, "సాల్లే," అన్నాడు. నమ్మినట్టు కాదు, ఆకలేసినట్టు అన్నాడు. పోతూ పోతూ, "ఇప్పుడు సరిగ్గా ఉండాది సరే. ఆ పొద్దు ఏం జరిగిందో ఎవురు చూసొచ్చినారు?" అన్నాడు.

ఆ మాట నిజమే. జరిగిపోయినదాన్ని నేను తెచ్చి చూపించలేను. నాయన కూడా ఆ మాట విన్నాడు. ఇంటికి పోయేటప్పుడు బస్సులో నా పక్కనే కూర్చున్నాడు, ఎవరికీ నా చదువు సంగతి చెప్పలేదు.

తర్వాత వారంలో నాయన ఇంకో లోడు తెచ్చాడు. గట్టి కాయ, ముందు వంతు. ఆయన వెనక చాలా దూరంలో వడమాలపేటాయన బండి. మబ్బు పట్టి ఉక్కపోసి, ఆయన కాయల మీద ఈగలు ముసురుతున్నాయి. ఆయన ఎవరినీ అడగలేదు. అడిగే మొహం లేదు. బండి చుట్టూ తిరుగుతూ అడుగు కాయల్ని చేత్తో నొక్కి చూసుకుంటున్నాడు.

నాయన తానే ఆయన దగ్గరికి పోయాడు. నా కిటికీకి బాగా దగ్గర, ప్రతి మాటా వినబడింది.

"నా వంతు తీసుకో అన్నా."

వడమాలపేటాయన ఆయన్ని కిందికీ మీదికీ చూశాడు. "వద్దప్పా. నీ వంతు తీసుకున్నోడి పేరు, నీ పేరు రెండూ జనం నోట్లో ఎట్ల నానినాయో చూసినాం గదా. ఇంగ ఇందులో ఏం తిరకాసు ఉండాదో."

చుట్టూ ఉన్నవాళ్లు దగ్గరికి జరిగారు. ఇంకో లోడు తెచ్చిన మా మామ కూడా ఉన్నాడు వాళ్లలో.

"తిరకాసేమీ లే," అన్నాడు నాయన. "ఆ పొద్దు రెండో గేటుకు చెప్పినోడు లేడు. మా పాప కనిపెట్టింది. ఇప్పుడు వంతు మార్చే స్క్రీను మా పాప చేసిందే. రా, పోయి మార్పించుకుందాము. నీ కాయ నిలవదు."

నేను కుర్చీలోంచి లేచాను, మళ్లీ కూర్చున్నాను. ఇద్దరూ లోపలికి వచ్చారు. సూపర్వైజరు స్క్రీను తిప్పుకోలేదు. రెండు నంబర్లు కొట్టి, బటన్ నొక్కమని నాకే చెప్పాడు. నొక్కాను. వడమాలపేటాయన నా చేతి వైపే చూశాడు, తర్వాత బయటికి పోయి రెండు గేట్లూ తిరిగి చూసుకుని వచ్చి, బండి ఎక్కాడు. ఆయన కాయ ఆ మధ్యాహ్నమే దిగింది.

ఈసారి నాయన బండిని ఏ గేటూ ముందుగా పిలవలేదు. చీకటి పడబోయే వేళకు, వడమాలపేటాయన వదిలిన వంతులో, మా బండి నంబరు మైకులో వినబడింది. అప్పటికి వరసలో నిలబడినవాళ్లు తలెత్తి చూశారు. మామ ముందుకు వచ్చి, మా డ్రైవరు తిప్పుకోవడానికి వీలుగా తన బండిని కొంచెం వెనక్కి జరిపాడు.